మూడు రోజుల్లో నేర్చి వేదికెక్కే పాట

జపానులో ఆకులు ఎర్రబడే రోజులు వచ్చాయంటే హైస్కూళ్లలో పండుగ సందడి మొదలవుతుంది. దాన్ని అక్కడివారు 'బుంకాసాయి' అంటారు. సంస్కృతి పండుగ అని అర్థం. ఒక తరగతి గది టీ కొట్టుగా మారుతుంది. ఇంకో గదికి నల్లగుడ్డలు కట్టి దయ్యాల కొంప చేస్తారు. ఆవరణలో పిల్లలే పెనం పెట్టి నూడుల్స్ వేయించి అమ్ముతారు. తల్లిదండ్రులు, పక్క బడుల పిల్లలు, చుట్టుపక్కలవారు అందరూ వస్తారు. వ్యాయామశాలలోని వేదిక దగ్గర మాత్రం కాలు పెట్టే సందు వుండదు. అక్కడ ముగ్గురు నలుగురు పిల్లలు గిటార్లు తగిలించుకుని నిలబడి వుంటారు. ఒకరు డ్రమ్ముల వెనుక కూర్చుంటారు. చేతులు వణుకుతూ వుంటాయి. వారిలో కొందరు గిటారు పట్టి ఆరు నెలలు కూడా అయి వుండదు మరి.

అయినా పాట అందుకున్న అరనిమిషానికి హాలు హాలంతా ఎగరడం మొదలుపెడుతుంది. ఆ పాట వారు కట్టింది కాదు. చాలాసార్లు అది వారు పుట్టకముందు పాట, వారి తల్లిదండ్రులు బడికి వెళ్లే రోజుల నాటి పాట.

పాట ఒకరిది, పాడేది ఇంకొకరు

మన దగ్గర జాతరలకు, పెళ్లిళ్లకు ఆర్కెస్ట్రా వాళ్లు సినిమా పాటలు పాడడం అందరికీ తెలిసిందే. రికార్డులో వున్నది వున్నట్లు వినిపించినవాడికే ఈలలు పడతాయి. జపానులోనూ ఇలా ఇతరుల పాటలు వాయించే బృందాలు వేలకు వేలు వున్నాయి. వాటిని 'కాపీ బ్యాండ్లు' అంటారు. ఆ మాటలో చిన్నచూపు ఏమీ లేదు. వున్నది వున్నట్లు దించితే 'కాపీ', తమ పద్ధతిలో మార్చి వాయిస్తే 'కవర్' అని వారు తేడా చూపుతారు. నేర్చుకునేవాడు మొదట కాపీ చేయాల్సిందేనన్నది అక్కడి లెక్క.

ఈ బృందాలకు పుట్టిల్లు హైస్కూళ్లలోని సంగీత సంఘం. దాని పేరు వింటే మన రేడియో శ్రోతలకు ఆశ్చర్యం కలగవచ్చు. 'కేయి' అంటే తేలికైనది, 'ఒంగాకు' అంటే సంగీతం. రెండూ కలిపి 'కేయి ఒంగాకు', ముద్దుగా 'కేయోన్'. ఆకాశవాణి మనకు అలవాటు చేసిన లలిత సంగీతం అన్న మాటకు ఇది సరిగ్గా జోడీ. కాకపోతే వారి లలిత సంగీతం చెవులు చిల్లులు పడేటట్లు వుంటుంది.

మురికి ఎలుక పాట

ఏ బడిలో ఏ బ్యాండు అయినా ఎప్పుడో ఒకప్పుడు ఎత్తుకోక తప్పని పాట ఒకటి వుంది. 'లిండా లిండా'. 'ది బ్లూ హార్ట్స్' అనే నలుగురు కుర్రాళ్ల బృందం 1987 మే నెలలో రికార్డుగా విడుదల చేసింది. రాసి, కట్టి, పాడినవాడు హిరోతో కోమోతో. మురుగు కాల్వల వెంట తిరిగే ఎలుకను ఇందులో అందానికి ఉపమానంగా తెచ్చాడు. ఫొటోలో పడని అందం ఒకటి దానికి వుందన్నది పాట భావం. అందగాళ్లు, అందగత్తెలు పాడే పాటలు కోకొల్లలుగా వున్న దేశంలో, అద్దంలో ముఖం చూసుకుని దిగులుపడే పదహారేళ్ల పిల్లలకు ఈ ఎలుక ఎంత దగ్గరగా అనిపించి వుంటుందో ఊహించుకోవచ్చు.

వాయించేవారికి దొరికే సుఖం మరొకటి వుంది. పాట నెమ్మదిగా, దాదాపు ఒంటిగొంతుతో మొదలవుతుంది. పాడే పిల్లకు గుండెదడ తగ్గడానికి ఆ కాస్త వ్యవధి చాలు. తర్వాత డ్రమ్ములు ఒక్కసారిగా విరుచుకుపడతాయి. అక్కడినుంచి పేరునే పదేపదే అరవడమే పల్లవి. హాల్లో వున్న ప్రతివాడూ గొంతు కలుపుతాడు కనుక పాడేవారి శ్రుతి కాస్త తప్పినా పట్టించుకునేవారు వుండరు. గిటారువాడి పని కూడా సులువే. వీణకు మెట్లు వున్నట్లే గిటారు మెడకూ మెట్లు వుంటాయి. రెండు మూడు తీగలమీద వేళ్లను ఒకే ఆకారంలో నొక్కిపెట్టి, ఆ చెయ్యినే మెట్లమీద ముందుకూ వెనక్కూ జరుపుతూ పోవడం ఈ తరహా రాక్ పాటల్లో ముఖ్యమైన పని. పట్టు ఒకటే, చోటు మారుతుంది. వేగం ఒక్కటే కష్టం. చెయ్యి నొప్పి పుడుతుంది, అంతే.

ఈ సంగతే సినిమా కూడా అయింది. 2005లో నొబుహిరో యమషితా దర్శకత్వంలో 'లిండా లిండా లిండా' అనే చిత్రం వచ్చింది. పట్నానికి దూరంగా వున్న ఒక వూళ్లో హైస్కూలు ఆడపిల్లల బ్యాండు. పండుగకు మూడు రోజులుందనగా గిటారు వాయించే పిల్ల వేలికి దెబ్బ తగులుతుంది. జట్టులో తగాదా వస్తుంది. పాడే పిల్ల తప్పుకుంటుంది. మిగిలిన ముగ్గురూ సంఘం గదిలో పాత క్యాసెట్లు తిరగేస్తుంటే బ్లూ హార్ట్స్ క్యాసెట్టు దొరుకుతుంది. ఇది మనం వాయించగలం అనుకుంటారు. పాడడానికి కొరియా నుంచి చదువుకోవడానికి వచ్చిన పిల్లను అడుగుతారు. ఆ పిల్లకు జపాను భాష అంతంతమాత్రం. కీబోర్డు వాయించే అమ్మాయి తనకు అలవాటు లేని గిటారు భుజాన వేసుకుంటుంది. రాత్రుళ్లు సాధన చేసి, చివరి రోజున అలసటతో నిద్రపోయి, లేచి వానలో తడుస్తూ బడికి పరుగెత్తుతారు. కథ ఇంతే. పోటీ లేదు, బహుమతి లేదు, పాడగానే సినిమా కంపెనీవాడు వచ్చి పిలుచుకుపోవడం లేదు. ముగ్గురు నటీమణులు, ఒక అసలైన బాస్ గిటారు వాద్యకారిణి కలిసి సినిమా కోసం తామే పాటలు వాయించారు. కొరియా నటి బే దూనా పాడింది.

నిషేధించిన వాద్యం

ఇప్పుడు బడివారే గది ఇచ్చి, తీరిక ఇచ్చి, వేదిక ఇచ్చి వాయించమంటున్నారు. కాని ఒకప్పుడు ఇదే గిటారు పిల్లల చేతుల్లో కనబడకూడదన్నారు. 1965లో అమెరికా బృందం 'వెంచర్స్' జపానులో కచేరీలు చేసింది. వారి పాటల్లో మాటలు వుండవు, వాద్యమే. ఇంగ్లీషు రాని పల్లెటూరి కుర్రాడికి కూడా అడ్డు లేకపోయింది. తీగమీద చెయ్యి జారుస్తూ మీటే ఆ చప్పుడును జపాను పిల్లలు 'తెకె తెకె' అని పిలుచుకున్నారు. ఎలక్ట్రిక్ గిటారు జ్వరంలా పాకింది.

పెద్దలు బెంబేలెత్తారు. ఆ గిటారు పడితే పిల్లలు చెడిపోతారన్నారు. 1965 అక్టోబరులో తొచిగి ప్రాంతంలోని అషికాగా పట్టణ విద్యాధికారులు విద్యార్థులు ఎలక్ట్రిక్ గిటారు కొనరాదని, బ్యాండు కట్టరాదని, కచేరీలకు పోరాదని నిర్ణయం చేశారు. ఇది చూసి ఇతర వూళ్లూ అదే బాట పట్టాయి. వింత ఏమిటంటే, అదే సంవత్సరం డిసెంబరులో యుజో కాయమా ఎలక్ట్రిక్ గిటారు పట్టిన సినిమా విడుదలై జనం విరగబడి చూశారు.

ఈ నిషేధం మీద తగాదా పెట్టుకోకుండా పని చేసి చూపించినవాడు తకేషి తెరౌచి. ఇబరాకి ప్రాంతంలోని త్సుచియురా పట్టణంలో పుట్టిన ఆయన ఆనాటి గిటారు విద్వాంసుల్లో మేటి. గిటారు చెడ్డదో మంచిదో పిల్లలూ పంతుళ్లూ విని చెప్పాలని ఆయన బడులకే వెళ్లి కచేరీలు చేయడం మొదలుపెట్టాడు. ఏళ్ల తరబడి తిరిగాడు. వెయ్యికి పైగా బడుల్లో వాయించాడంటారు. వాయించిన బాణీలు కూడా ఆలోచించి ఎంచుకున్నవే. ఉత్తర జపాను జానపదం 'త్సుగారు జొంగారా' ఎలక్ట్రిక్ గిటారుమీద పలికించాడు. బీథోవెన్ అయిదవ సింఫనీని రాక్ చేసి 1967లో జపాను రికార్డు అవార్డుల్లో వాద్యసమ్మేళనానికి బహుమతి పొందాడు. పంతుళ్లకు తెలిసిన పాటలను పిల్లలకు నచ్చిన వాద్యంమీద వినిపిస్తే కాదనేవారెవరు? తెరౌచి 2021లో కన్నుమూశాడు.

ఆ రోజుల్లో పల్లెల్లో ఏం జరిగిందో తెలుసుకోవాలంటే సునావో అషిహారా రాసిన నవల వుంది. 'సెయిషున్ దెన్ దెకె దెకె దెకె' అని పేరు. 1991లో నవోకి బహుమతి పొందింది. మరుసటి సంవత్సరం సినిమా అయింది. షికోకు దీవిలోని కన్ఒంజి అనే చిన్న వూళ్లో ఒక కుర్రాడు రేడియోలో వెంచర్స్ చప్పుడు విని, మరి ముగ్గురిని పోగు చేసి బ్యాండు కడతాడు. సెలవుల్లో కూలిపని చేసి వాద్యాలు కొనుక్కుంటారు. చివరికి ఆ బ్యాండు వాయించేది కూడా బడి పండుగలోనే.

తమ భాషలో పాడవచ్చునా?

వాద్యం గొడవ తీరేసరికి భాష గొడవ వచ్చింది. రాక్ అనేది ఇంగ్లీషు సంగీతం, జపాను మాటలు ఆ తాళానికి కూర్చోవని చాలామంది వాదించారు. పైగా ప్రపంచమంతా వినాలంటే ఇంగ్లీషులోనే పాడాలన్నారు. 1970 ప్రాంతంలో పత్రికల్లో పెద్ద చర్చే నడిచింది. అప్పుడు 'హాప్పీ ఎండ్' అనే బృందం అచ్చమైన జపాను మాటలతో పాటలు కట్టి 1970లో ఒక రికార్డు, 1971లో 'కజెమాచి రోమాన్' అనే మరో రికార్డు తెచ్చింది. ఆ రెండో రికార్డులోని ఒక పాటను 2003లో అమెరికా చిత్రం 'లాస్ట్ ఇన్ ట్రాన్స్‌లేషన్'లో వాడుకున్నారు. ఇంగ్లీషులో పాడకపోయినా ప్రపంచం వినగలదని అలా తేలింది, కొంచెం ఆలస్యంగానైనా.

ఈ గొడవ తీరబట్టే బడిపిల్లలకు తమ భాషలో కాపీ చేయడానికి పాటలు దొరికాయి.

ఏ పాట ఎవరికి

లిండా లిండా తర్వాత కొత్తవారు ఎక్కువగా పట్టుకునేది 'చీసానా కోయి నో ఉతా'. చిన్న ప్రేమపాట అని అర్థం. దక్షిణాన వున్న ఒకినావా దీవుల్లో హైస్కూలు మిత్రులు ముగ్గురు కలిసి 1998లో 'మొంగోల్ 800' అనే బ్యాండు కట్టారు. 2001లో వచ్చిన వారి 'మెస్సేజ్' ఆల్బంలోది ఈ పాట. పెద్ద కంపెనీ అండ లేకుండా వచ్చిన ఆ ఆల్బం 20 లక్షలకు పైగా అమ్ముడుపోయింది. బ్యాండులో ముగ్గురే వుండటం కాపీ చేసేవారికి పెద్ద సదుపాయం. ఒక గిటారు, ఒక బాస్, డ్రమ్ములు, బాస్ వాయించేవాడే పాడతాడు. నాలుగోవాడు దొరకని వూళ్లో కూడా ఈ పాట ఆగదు. 2019లో ఇదే పేరుతో సినిమా వచ్చింది. అమెరికా సైనిక స్థావరం కంచె పక్కన బతికే ఒకినావా పిల్లల బ్యాండు కథ అది.

రెండు గిటార్లు వున్న జట్టు 'బంప్ ఆఫ్ చికెన్' బృందం 2001లో తెచ్చిన 'తెంతాయి కన్సొకు' ఎంచుకుంటుంది. ఖగోళ పరిశీలన అని పేరు, దుర్భిణి పట్టుకుని రాత్రివేళ బయలుదేరిన పిల్లల కథ. ఆ నలుగురూ చిబా ప్రాంతంలో పసితనం నుంచి కలిసి పెరిగినవారు. ఇందులో రెండు గిటార్లు ఒకదానికొకటి జవాబు చెప్పుకుంటాయి కనుక ఇద్దరూ సమానంగా సాధన చేసి వుండాలి. ఒకరు వెనుకబడితే అందరికీ తెలిసిపోతుంది.

ఆడపిల్ల గొంతుకు 'జూడీ అండ్ మేరీ' బృందం వారి 'సొబకాసు' 1996 నుంచి ఇష్టమైన పాట. ముఖంమీది గోధుమరంగు మచ్చలు అని అర్థం. వినడానికి గెంతుతూ సరదాగా వుంటుంది. అది విని సులువనుకుంటే మాత్రం గిటారువాడు మోసపోతాడు. ఆ బృందంలోని గిటారు పనితనం అడుగడుగునా మెలికలు తిరుగుతుంది. పాడే పిల్ల ఒక్కతికే నచ్చి పాట ఖాయం చేస్తే వెనుకవారికి కన్నీళ్లే.

'ఎక్స్' బృందం 1989లో విడుదల చేసిన 'కురెనాయి' సంగతి వేరే చెప్పాలి. మృదువుగా మొదలై పిడుగులా మారుతుంది. డ్రమ్ములవాడి రెండు కాళ్లూ ఆగవు. పాడేవాడి గొంతు మింటికి పోవాలి. కొత్తవారు దీన్ని ఎత్తుకుంటే మధ్యలో చతికిలబడటం ఖాయం. కాని ఈ పాటకు మరో దారి దొరికింది. హైస్కూలు బేస్‌బాల్ పోటీల్లో తమ జట్టును ఉత్సాహపరచడానికి బడి ఇత్తడి వాద్యాల బృందాలు గ్యాలరీలో కూర్చుని దీన్నే వాయిస్తాయి. గిటారు లేదు, గొంతు లేదు, బూరలమీద కురెనాయి. మన బ్యాండు మేళంవారు ఊరేగింపులో సినిమా పాట వాయించినట్లే.

ఈ మధ్య పిల్లలకు కొత్త పాటలు అందించేది బొమ్మల సీరియళ్లు. 2009లో వచ్చిన 'కేయోన్' బడి బ్యాండు కథే. 2022లో వచ్చిన 'బొచ్చి ది రాక్' లో పాత్రల ఇంటిపేర్లు 'ఏషియన్ కుంగ్‌ఫూ జెనరేషన్' అనే అసలు బ్యాండు సభ్యులవి. చివరి భాగంలో కథానాయిక పాత్రకు గొంతు ఇచ్చిన నటి ఆ బ్యాండు 2008 నాటి పాట ఒకటి పాడింది. అంటే అది కవర్ అన్నమాట.

అంకెలు చూసి వాయించడం

సంగీతం చదవడం రాని పిల్లలు ఇన్ని పాటలు ఎలా నేర్చుకుంటారని అనుమానం రావచ్చు. దుకాణాల్లో 'బ్యాండ్ స్కోర్' అనే పుస్తకాలు అమ్ముతారు. ఒక్కో వాద్యం ఏం వాయించాలో మొదటినుంచి చివరిదాకా వరుసగా అచ్చువేసి వుంటుంది. గిటారు భాగం కింద ఆరు గీతలు. ఒక్కో గీత ఒక్కో తీగ. గీతమీద 3 అని వుంటే ఆ తీగను మూడో మెట్టు దగ్గర నొక్కాలి. అంతే. బాస్ గిటారుకు నాలుగు గీతలు. లెక్కలు వచ్చినవాడు ఎవడైనా చదవగలడు. సాధనకు ఇల్లు పనికిరాదు, పక్కింటివారు ఊరుకోరు. పట్నాల్లో గంటకు ఇంత అని అద్దెకిచ్చే సాధన గదులు వున్నాయి. డ్రమ్ములు, స్పీకర్లు అందులోనే వుంటాయి. ఎవరి గిటారు వారు తెచ్చుకుంటే చాలు.

మరి పాట కట్టినవారికి సొమ్ము చెల్లించనక్కరలేదా? జపానులో రచయితల తరఫున సొమ్ము వసూలు చేసే జాస్రాక్ అనే సంస్థ మూలాలు 1939 నాటివి. కచేరీ పెట్టి టిక్కెట్లు అమ్మితే వారికి చెల్లించాల్సిందే. అయితే కాపీరైటు చట్టం 38వ సెక్షను ఒక వెసులుబాటు ఇచ్చింది. లాభాపేక్ష వుండకూడదు, ప్రేక్షకుల దగ్గర డబ్బు తీసుకోకూడదు, వాయించినవారికి ప్రతిఫలం ఇవ్వకూడదు. ఈ మూడూ పాటిస్తే అనుమతి లేకుండానే వాయించుకోవచ్చు. బడి పండుగలు నడుస్తున్నది ఈ సెక్షను నీడలోనే. ఆ కచేరీని వీడియో తీసి ఇంటర్నెట్టులో పెడితే మాత్రం ఈ మినహాయింపు వర్తించదు.

తెలుగు నోటికి

ఈ పాటలు మనవారు పాడగలరా అంటే, ఉత్తర భాషలవారి కన్నా, ఇంగ్లీషువారి కన్నా తెలుగువారికే తేలిక అనవచ్చు. జపాను మాటలు చాలావరకు అచ్చుతో ముగుస్తాయి. హ్రస్వం, దీర్ఘం, ద్విత్వం మనకున్నట్లే వున్నాయి. వారి అక్షరమాల అ, ఇ, ఉ, ఎ, ఒ అని మొదలై క, కి, కు, కె, కొ అని మన గుణింతంలా సాగుతుంది. ఇది కాకతాళీయం కాదు. బౌద్ధంతో పాటు సిద్ధం లిపి, సంస్కృత వర్ణక్రమం ఆ దేశానికి వెళ్లాయి. అక్కడి పండితులు ఆ వరుసనే అనుసరించారు. 'త్సు' అనే ధ్వని ఇంగ్లీషువారికి నాలుక తిరగదు. చుక్క, చలి అనేటప్పుడు మనం పలికే దంత్య చకారం అదే. తెలుగు అక్షరాల్లో రాసుకుని పాడితే పెద్దగా తేడా రాదు. ఒక చిక్కు వుంది. వారికి 'ల' లేదు. రికార్డుమీద లిండా అని వున్నా వారి నోట అది 'రిందా' అవుతుంది. కాపీ చేసేవాడు రిందా అనే పాడాలి.

తిరుగు ప్రయాణం

పడమటి పాటలను కాపీ చేస్తూ మొదలైన ఈ బండి వెనక్కు కూడా నడిచింది. యుజో కాయమా కట్టిన 'బ్లాక్ సాండ్ బీచ్' అనే వాద్యగీతాన్ని వెంచర్స్ వారే తీసుకుని వాయించారు. జపాను కుర్రాళ్లు ఎవరిని చూసి గిటారు పట్టారో వారే జపానువాడి బాణీని కాపీ చేశారన్నమాట.

బ్లూ హార్ట్స్ బృందం 1995లో విడిపోయింది. పదేళ్లకు వారి పాటల చుట్టూ సినిమా వచ్చింది. ఆ సినిమా చూసి అమెరికాలోని లాస్ ఏంజెలస్ నగరంలో నలుగురు బాలికలు తమ బ్యాండుకు 'ది లిండా లిండాస్' అని పేరు పెట్టుకున్నారు. 2021 మే నెలలో వారు అక్కడి ప్రజా గ్రంథాలయంలో పుస్తకాల అలమరల మధ్య నిలబడి చేసిన కచేరీ వీడియోను లక్షలమంది చూశారు. డ్రమ్ములు వాయించిన పిల్లకు అప్పటికి 10 ఏళ్లు. బడిలో ఒక కుర్రాడు తన జాతిని ఎత్తిపొడిచినందుకు ఆ పిల్ల, మరొక పిల్ల కలిసి రాసిన పాట అది. కాపీ కాదు, సొంతది.